జాన్ మెకార్తీ

నల్లగొండ ప్రాంతంలోని పోచంపల్లి, పుట్టపాక గ్రామాలలో నేత కార్మికుల ఇండ్లకు వెళ్లి చూసినవారికి ఒక విశేషం తెలుస్తుంది. అక్కడి వస్త్రాలపై కనిపించే పూవులు, చిలుకలు, ఏనుగులు నేసిన తరువాత అద్దినవి కావు. నేయకముందే అవి నూలులో దాగి ఉంటాయి. ఆసుపై పోసిన నూలుకు, కాగితంపై గీసుకొన్న నమూనాను అనుసరించి, అక్కడక్కడ గట్టిగా కట్లు కడతారు. పిదప దానిని రంగుతొట్టిలో ముంచుతారు. కట్టు లేనిచోట రంగు పడుతుంది. కట్టు ఉన్నచోట నూలు ముంచకముందు ఎట్లా ఉన్నదో అట్లాగే వెలుపలికి వస్తుంది. ఆ కట్లు విప్పి, వేరొకచోట కట్టి, మరొక తొట్టిలో ముంచుతారు. ఎన్ని తొట్లు దాటినా దారం ఒక్కటే. అది ఎక్కడా తెగదు.

కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసేవారికి ఇటువంటి పనియే తరచుగా తటస్థిస్తుంది. ఒక విలువ చేతికి వస్తుంది. దానిని దశ వెంట దశగా సాగనంపాలి. ఒక్కొక్క దశలో ఒక్కొక్క నిబంధన ఉంటుంది. నిబంధన నెరవేరితే విలువ మారాలి. నెరవేరకుంటే కట్టు కట్టిన నూలువలె మారకుండా ముందుకు పోవాలి. లిస్ప్ కుటుంబానికి చెందిన క్లోజర్ అనే భాషలో ఈ పనికి ప్రత్యేకమైన పదబంధమే ఉన్నది. అటువంటి పదబంధం భాషలో లేకపోయినా, దానిని ఒక సామాన్య ప్రోగ్రామర్ స్వయంగా కల్పించుకొనగలడు. భాషను నిర్మించినవారి అనుమతి కొరకు ఎదురుచూడనక్కరలేదు. ఈ స్వేచ్ఛకు పునాది వేసినవాడు జాన్ మెకార్తీ. కృత్రిమ మేధ అనే శాస్త్రానికి ఆంగ్లంలో పేరు పెట్టినవానిగా లోకం ఆయనను ఎక్కువగా తలుచుకొంటుంది. పేరు పెట్టడం చిన్న పని కాదు గాని, ఆయన చేసిన మేలు అంతటితో ముగియదు.

మెకార్తీ 1927 సెప్టెంబరు 4వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో జన్మించాడు. తండ్రి ఐర్లండు నుండి, తల్లి లిథువేనియా నుండి వలస వచ్చినవారు. ఆర్థిక మాంద్యం అమెరికాను కుదిపివేసిన రోజులవి. బ్రతుకుతెరువు కొరకు ఊళ్లు మారుతూ ఆ కుటుంబం చివరకు లాస్ ఏంజిలిస్ చేరింది. అక్కడ తండ్రి దుస్తులు కుట్టే కార్మికుల సంఘంలో నిర్వాహకుడుగా పనిచేశాడు. తల్లిదండ్రులిద్దరూ కమ్యూనిస్టు పార్టీ సభ్యులు. బాలుడు రోగపీడితుడు, కాని చదువులో చురుకైనవాడు. ఉన్నత పాఠశాల విద్యను రెండేండ్లు ముందుగానే పూర్తిచేశాడు. సమీపంలోని కాలిఫోర్నియా సాంకేతిక సంస్థలో వాడే గణిత గ్రంథాలను సంపాదించి, గురువు సహాయం లేకుండా వాటిని చదువుకొన్నాడు. 1944లో ఆ సంస్థలో చేరినప్పుడు మొదటి రెండు సంవత్సరాల గణితం ఆయనకు అవసరం లేకపోయింది.

గణితంలో అంతటి ముందంజ వేసినవాడు వ్యాయామ తరగతులకు హాజరు కాలేదన్న కారణంతో అదే సంస్థ నుండి బహిష్కృతుడయ్యాడు! కొంతకాలం సైన్యంలో పనిచేసి, తిరిగి చేరి, 1948లో పట్టభద్రుడయ్యాడు. ఆ సంవత్సరమే మెదడు పనితీరును గురించి అక్కడ జరిగిన సదస్సులో వాన్ నాయ్‌మన్ అనే మహాగణితవేత్త ప్రసంగం విన్నాడు. యంత్రం ఆలోచించగలదా అనే ప్రశ్న నాడు ఆయన మనసులో నాటుకొన్నది, కడవరకు విడిచిపెట్టలేదు. 1951లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. మన పోచంపల్లిలో వినోబా భావే భూదానోద్యమానికి శ్రీకారం చుట్టిన సంవత్సరం కూడా అదే.

1955లో డార్ట్‌మత్ కళాశాలలో అధ్యాపకుడుగా ఉన్నప్పుడు, మరి ముగ్గురు శాస్త్రవేత్తలతో కలిసి ఒక వేసవి సదస్సుకు ప్రతిపాదన సిద్ధం చేశాడు. ఆ పత్రంలోనే కృత్రిమ మేధ అనే పేరు మొదటిసారిగా కనిపించింది. సదస్సు 1956లో జరిగింది. తరువాత ఆయన మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు మారాడు. మన కథకు ముఖ్యమైన ఘట్టం అక్కడ మొదలవుతుంది.

1957-58 ప్రాంతంలో ఆయన ఐ.బి.ఎం. 704 అనే యంత్రంపై చదరంగపు ఎత్తులను లెక్కించే ప్రోగ్రామును ఫోర్‌ట్రాన్ భాషలో వ్రాయసాగాడు. ఆ భాషలో నిబంధన చెప్పడం మోటుగా ఉండేది. ఒక సంఖ్య ఋణమైతే ఈ వాక్యానికి, సున్న అయితే ఆ వాక్యానికి, ధనమైతే మరొక వాక్యానికి పొమ్మని సంఖ్యలు వేసి చెప్పాలి. లెక్క మధ్యలో తెగిపోతుంది; దారం ముక్కలవుతుంది. ఈ బాధ తప్పించుకొనడానికి ఆయన ఒక ప్రమేయం వ్రాసుకొన్నాడు. దానికి మూడు విలువలు అందించాలి: నిబంధన, అది నిజమైతే రావలసిన ఫలితం, కాకుంటే రావలసిన ఫలితం. ప్రమేయం రెండు ఫలితాలలో ఒకదానిని ఎంచి తిరిగి ఇస్తుంది. వాక్యం నుండి వాక్యానికి దూకే అవసరం తప్పింది.

అయితే అందులో ఒక లోపం ఉన్నది. ప్రమేయానికి అందించే విలువలన్నీ ముందుగానే లెక్కకట్టి తీరాలి. కావలసినది ఒక్క ఫలితమే అయినా రెండింటినీ లెక్కించవలసి వస్తుంది. ఇది వృథాశ్రమ మాత్రమే కాదు, ఒక్కొక్కసారి ప్రమాదం కూడా. గణితంలో క్రమగుణితం మీరు చదివినదే. సంఖ్య సున్న అయితే ఫలితం 1. కాకుంటే ఆ సంఖ్యను దానికంటె ఒకటి తక్కువైన సంఖ్య క్రమగుణితంతో హెచ్చించాలి. ఇక్కడ రెండు దారులనూ ఎల్లప్పుడూ లెక్కించబూనితే, సున్న వద్ద ఆగవలసిన లెక్క ఆగకుండా ఋణసంఖ్యలలోకి జారిపోయి ఎన్నటికీ ముగియదు. మెకార్తీ ఈ చిక్కును గుర్తించి, నిబంధన సమాసం అనే కొత్త రూపాన్ని కల్పించాడు. అది నిబంధనలను వరుసగా పరిశీలించి, మొదటి నిజం దొరికిన వెంటనే దానికి సంబంధించిన ఫలితాన్ని మాత్రమే లెక్కించి ఆగుతుంది. నేడు దాదాపు ప్రతి ప్రోగ్రామింగ్ భాషలో ఉన్న ఈ సౌకర్యం ఒక మనిషి చదరంగంతో కుస్తీ పడుతూ కనిపెట్టినదని చాలామందికి తెలియదు. ఆల్గాల్ అనే అంతర్జాతీయ భాషలో దీనిని చేర్చవలసినదిగా ఆయన సూచించగా, 1960 నాటి రూపంలో అది చోటుచేసుకొన్నది.

1958లో ఆయన లిస్ప్ భాష రచనకు పూనుకొన్నాడు. జాబితాలను సంస్కరించే భాష కనుక ఆంగ్లంలో ఆ పేరు. అందులో సంఖ్యలకంటె ప్రతీకలకు ప్రాధాన్యం. ప్రతి విషయాన్నీ కుండలీకరణాల మధ్య జాబితాగా వ్రాయాలి. తెలుగు మాటలలో చూపితే, (కూడు 2 (హెచ్చించు 3 4)) అన్నది ఒక లెక్క. దాని విలువ 14. అదే సమయంలో అది మూడు అంశాలు గల ఒక జాబితా కూడా: మొదటిది ‘కూడు’ అనే ప్రతీక, రెండవది 2 అనే సంఖ్య, మూడవది మరొక జాబితా. అనగా ప్రోగ్రాము, ప్రోగ్రాము సంస్కరించే సమాచారం ఒకే అచ్చులో పోసినవే. ప్రోగ్రామును మరొక ప్రోగ్రాము చదవగలదు, విప్పగలదు, తిరిగి కూర్చగలదు. ప్రమేయాలను విలువలుగా చూపడానికి అలాంజో చర్చి అనే గణితవేత్త వాడిన లాంబ్డా సంకేతాన్ని ఆయన గ్రహించాడు. చర్చి గ్రంథంలో మిగిలిన భాగం తనకు బోధపడలేదని మెకార్తీ తరువాతి కాలంలో దాచుకొనకుండా చెప్పుకొన్నాడు.

ఈ భాషను వివరించే ఆయన వ్యాసం 1960 ఏప్రిల్‌లో వెలువడింది. అందులో ఆయన లిస్ప్ జాబితా ఏదైనా ఇస్తే దాని విలువ కట్టగల ఒక ప్రమేయాన్ని లిస్ప్‌లోనే నిర్వచించాడు. తన భాష ఎంత శక్తిమంతమైనదో సిద్ధాంతపరంగా చూపడమే ఆయన ఉద్దేశం. కాని స్టీవ్ రస్సెల్ అనే యువకుడు దానిని చూసి, ఇది నేరుగా యంత్రానికి ఎక్కించవచ్చునన్నాడు. కాగితం మీది సిద్ధాంతాన్ని యంత్రపు పనితో కలగాపులగం చేస్తున్నావని మెకార్తీ వారించాడు. రస్సెల్ వినలేదు. దానిని యంత్రభాషలోకి చేతితో మార్చి నడిపించాడు. శిష్యుడు గురువు మాట వినకపోవడం మేలు చేసిన సందర్భాలలో ఇది ఒకటి.

కుండలీకరణాల రూపం మెకార్తీ దృష్టిలో తాత్కాలికమే. మనుషులు వ్రాయడానికి గణిత సంకేతాలను పోలిన మరొక రూపాన్ని స్థిరపరచాలని ఆయన భావించాడు. ఆ పని వాయిదా పడుతూ పోయింది. ఈలోగా లిస్ప్ నేర్చిన కొత్త తరంవారు కుండలీకరణాలనే ఇష్టపడ్డారు. వాటి విలువ ఏమిటో 1963లో స్పష్టమైంది. ఆ సంవత్సరం అక్టోబరులో తిమోతి హార్ట్ అనే పరిశోధకుడు లిస్ప్‌కు మాక్రోలను చేర్చవలెనని ప్రతిపాదించాడు. మాక్రో అన్నది ప్రోగ్రామును వ్రాసే ప్రోగ్రాము. ప్రమేయం విలువలను స్వీకరించి విలువను ఇస్తుంది. మాక్రో ఇంకా లెక్కించని జాబితాలను స్వీకరించి, వాటిని మార్చి, కొత్త జాబితాను ఇస్తుంది. ఆ పిదపనే యంత్రం లెక్కకు పూనుకొంటుంది.

దీని ప్రయోజనం ఒక చిన్న ఉదాహరణతో తెలుసుకొందాం. ఒక కళాశాలలో ప్రవేశ రుసుము 3000 రూపాయలనుకొనండి. ఉపకార వేతనానికి అర్హులైతే 1000 తగ్గించాలి. వసతి గృహంలో ఉంటే 1500 కలపాలి. గడువు దాటి చెల్లిస్తే 100 కలపాలి. అర్హత ఉన్న విద్యార్థిని ఒకతె ఇంటి నుండి వచ్చి చదువుకొంటూ, గడువు దాటి చెల్లించినదనుకొందాం. రుసుము 3000 నుండి 2000 అవుతుంది. వసతి దశలో 2000గానే సాగుతుంది. చివరకు 2100 అవుతుంది. మామూలుగా వ్రాస్తే ప్రతి దశకూ కొత్త పేరు పెట్టి, నిజమైతే ఇది, కాకుంటే మునుపటిదే అని పదే పదే చెప్పాలి. మూడవ దశలో పొరపాటున మునుపటి దశ పేరుకు బదులు ఆరంభ విలువ పేరు వ్రాస్తే, తగ్గించిన వేయి రూపాయలు మాయమవుతాయి. యంత్రం తప్పు పట్టదు. పేద విద్యార్థిని 3100 చెల్లిస్తుంది. మాక్రో ఉంటే ఇట్లా వ్రాయవచ్చును:

(నిబంధనలతో 3000
   అర్హురాలు (తగ్గించు 1000)
   వసతిగృహం (కలుపు 1500)
   ఆలస్యం (కలుపు 100))

ఇక్కడ (తగ్గించు 1000) అన్నది అసంపూర్ణమైన మాట. దేని నుండి తగ్గించాలో అందులో లేదు. ‘నిబంధనలతో’ అన్నది ప్రమేయమే అయితే, ఈ అసంపూర్ణ జాబితాలను ముందుగానే లెక్కించవలసి వచ్చి పని చెడుతుంది. మెకార్తీ తొలినాటి ప్రమేయానికి కలిగిన చిక్కే ఇది. మాక్రోకు ఆ చిక్కు లేదు. అది జాబితాను విప్పి, నడుస్తున్న విలువను మొదటి ఖాళీలో ఉంచి, నిబంధన సమాసంలో కూర్చి, కాకుంటే పాత విలువే అన్న మాటను తానే చేర్చుతుంది. దారం ఎక్కించే శ్రమ మాక్రోది. నమూనా గీయడం మాత్రమే మనది.

మాక్రో వ్రాసేవారు రెండు విషయాలలో జాగరూకులై ఉండాలి. మొదటిది: ఆరంభ విలువ ఉన్న జాబితాను పలుచోట్ల యథాతథంగా అతికించరాదు. అతికించిన ప్రతిచోటా అది తిరిగి లెక్కకు రావచ్చును. ఆ జాబితా తరువాతి రసీదు సంఖ్యను తీసుకొనేదైతే, ఒక్క విద్యార్థికి రెండు రసీదులు ఖర్చు కావచ్చును. కనుక దానిని ఒక్కసారి లెక్కించి, ఒక పేరు కింద దాచి, ఆ పేరునే వాడాలి. రెండవది ఆ పేరుకు సంబంధించినది. ఒకే ఊరిలో ఇద్దరు మల్లయ్యలుంటే ఒకరికి వచ్చిన ఉత్తరం మరొకరికి చేరినట్లు, మాక్రో దాచుకొన్న పేరు, ప్రోగ్రామర్ వాడిన పేరు ఒకటైతే విలువలు తారుమారవుతాయి. అందువల్ల లిస్ప్ భాషలు ఎక్కడా లేని కొత్త పేరును అప్పటికప్పుడు పుట్టించే సాధనాన్ని సమకూర్చాయి.

ఈ పదబంధానికీ మెకార్తీ నిబంధన సమాసానికీ ఒక భేదం ఉన్నది. ఆయన సమాసం మొదటి నిజం వద్ద ఆగుతుంది. ఇది ఆగదు, అన్ని తొట్లనూ దాటుతుంది. క్లోజర్‌లోని రూపంలో నిబంధనలకు నడుస్తున్న విలువ కనిపించదు కూడా. నూలుపై ఎక్కడ కట్టు కట్టాలో రంగుతొట్టి చెప్పదు. ముందుగా గీసిన నమూనా చెబుతుంది.

మెకార్తీ తదనంతర జీవితం విస్తృతమైనది. ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలంలో పంచుకొని వాడే పద్ధతిని 1959 ఆరంభంలోనే ప్రతిపాదించాడు. విద్యుత్తు, టెలిఫోను వలె లెక్కింపు శక్తి కూడా ఇంటింటికీ అందే సేవ కాగలదని 1961లో ఒక సభలో చెప్పాడు. 1962లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడ కృత్రిమ మేధ ప్రయోగశాలను నెలకొల్పాడు. ఆ ప్రయోగశాలతో మన తెలుగువారికి బంధుత్వం ఉన్నది. శ్రీకాళహస్తి సమీపంలోని కాటూరులో జన్మించిన రాజ్‌రెడ్డి అక్కడ మెకార్తీ వద్ద పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందాడు. యంత్రం మాటలను గుర్తించే విద్యలో అగ్రగణ్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారాన్ని మరొకరితో కలిసి అందుకొన్నాడు. గురువుకు ఆ పురస్కారం 1971లో లభించింది. గ్రామీణ విద్యార్థుల కొరకు 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి రాజ్‌రెడ్డి కులపతిగా వ్యవహరించాడు. దాని ప్రాంగణంగా మొదలైన బాసర విద్యాసంస్థలో ప్రోగ్రామింగ్ నేర్చే పాలమూరు, నల్లగొండ పిల్లలు ఒక విధంగా మెకార్తీకి ప్రశిష్యులే.

ఆయన జీవితంలో అన్నీ విజయాలు కావు. 1966-67లో ఆయన బృందం చదరంగపు ప్రోగ్రాము మాస్కోలోని ఒక సంస్థ ప్రోగ్రాముతో తంతి ద్వారా నాలుగు ఆటలు ఆడింది. రెండింటిలో ఓడి, రెండింటిని సమం చేసుకొన్నది. 1968లో సోవియట్ సేనలు చెకోస్లొవేకియాలో ప్రవేశించిన తరువాత ఆయన ఆ దేశానికి వెళ్లి వచ్చాడు. బాల్యంలో తల్లిదండ్రుల నుండి వచ్చిన రాజకీయ విశ్వాసాలకు పూర్తిగా దూరమయ్యాడు. ఆయన భార్య వీరా వాట్సన్ ప్రోగ్రామర్, పర్వతారోహకురాలు. 1978 అక్టోబరులో నేపాల్‌లోని అన్నపూర్ణ శిఖరాన్ని అధిరోహించబూనిన మహిళా బృందంలో ఉండి, సహచరితో పాటు మంచుకొండలలో ప్రాణాలు కోల్పోయింది. యంత్రానికి లోకజ్ఞానం నేర్పడానికి తర్కశాస్త్రమే మార్గమని నమ్మి మెకార్తీ దశాబ్దాలు కృషిచేశాడు. ఆ మార్గం ఆయన ఆశించినంత దూరం సాగలేదు. 1988లో క్యోటో బహుమతి, 1990లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం ఆయనను వరించాయి.

1960 నాటి వ్యాసాన్ని మెకార్తీ మొదటి భాగమని పేర్కొన్నాడు. రెండవ భాగం వెలువడనే లేదు. మనుషుల కొరకు తలపెట్టిన గణిత సంకేతాల రూపమూ వాడుకలోకి రాలేదు. 2000 సంవత్సరాంతంలో పదవీ విరమణ చేసిన ఆయన 2011 అక్టోబరు 24న స్టాన్‌ఫర్డ్‌లోని స్వగృహంలో 84 ఏండ్ల వయసులో మరణించాడు.

అప్పటికి నాలుగేండ్ల క్రితం, 2007లో, రిచ్ హికీ అనే ప్రోగ్రామర్ క్లోజర్ భాషను లోకానికి విడుదల చేశాడు. ఒకసారి ఏర్పడిన విలువను మార్చకుండా, దాని నుండి కొత్త విలువను రాబట్టే ప్రమేయాల ద్వారానే పని సాగించడం దాని పద్ధతి. 2013 మార్చిలో వెలువడిన దాని 1.5వ రూపంలో నిబంధనల మీదుగా విలువను నడిపించే మాక్రో చేరింది. దాని నిర్వచనం యంత్రభాషలో లేదు; క్లోజర్‌లోనే, ఆ కుండలీకరణాలలోనే వ్రాసి ఉన్నది. వివరణ వాక్యాలను మినహాయిస్తే అది పదిహేను వరుసలకు మించదు.